వాగు కొసదాకా

దిండు తాళ్ళను బడి బస్సు డ్రైవరు సీటు వెనక్కి తిప్పి రెండు ముడులు వేసింది నెల్డా ప్రిచర్డ్. ఒక ముడి చాలదా అంటే చాలదు. మలుపులో దిండు జారిందంటే దాంతోపాటు ఆవిడా జారుతుంది. నిలబడితే గట్టిగా అయిదడుగులు లేని మనిషి. ఆ నీలం పూల దిండు లేకపోతే అద్దంలోంచి బస్సు పసుపుపచ్చ ముక్కు తప్ప రోడ్డు కనపడదు. వాళ్ళమ్మ పాత గౌను కత్తిరించి కుట్టిన దిండు అది. లోపలి దూది ఎన్నిసార్లు మార్చిందో లెక్కలేదు గాని పైబట్ట మాత్రం మార్చలేదు.

వసారాలో కాఫీ తాగుతున్న మొగుడు హోబర్ట్ అక్కణ్ణించే కేకేశాడు.

"ఏమేవ్, రొట్టె మర్చిపోయావు!"

"మర్చిపోలేదు. నువ్వు తెచ్చిస్తావేమోనని చూస్తున్నా."

"నా ఊపిరితిత్తులతో అక్కడిదాకా వస్తే రొట్టెతో పాటు నన్నూ మోసుకెళ్ళాలి నువ్వు."

అంటూనే లేచాడు. బొగ్గుగనిలో పనిచేసి వచ్చినవాడు, పది అడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటాడు. కాగితంలో చుట్టిన సాసేజ్ రొట్టె ఆమె చేతికిచ్చి, ఆమె బస్సు మెట్లెక్కడం చూస్తూ నిలబడ్డాడు. రెండో మెట్టు మీద నెల్డా కడ్డీ పట్టుకుని కాసేపు ఆగింది.

"మళ్ళీ ఆ గ్యాసేనా?"

"ఆ, గ్యాసే."

అది గ్యాసు కాదు. ఆ సంగతి నెల్డాకి తెలుసు, పట్నంలో ఆసుపత్రి డాక్టరమ్మకి తెలుసు, మూడో మనిషికి తెలియదు. గుండెలో ఒక కవాటం ఇరుకైపోయిందట. ఆపరేషన్ చెయ్యాలట. అందాకా బండి నడుపుకోవచ్చు గాని బరువులు ఎత్తడం, ఎండలో ఒళ్ళు వంచడం పనికిరాదని ఆ అమ్మాయి మార్చి నెలలోనే గట్టిగా చెప్పింది. వేసవి సెలవులకి బడి మూసెయ్యగానే వచ్చి బల్ల మీద పడుకుంటాను, నీ ఇష్టం వచ్చినట్టు కోసుకో, అంది నెల్డా. అప్పటిదాకా ఎందుకు ఆగాలని డాక్టరమ్మ అడిగితే, "మా వాగు కొసన ఒక పిల్లుంది, పన్నెండో తరగతి. అది దిగాక నేనూ దిగుతా" అని చెప్పి సంచీ భుజాన వేసుకుని వచ్చేసింది.

ఆ పిల్ల పేరు ట్రెస్సా. అమ్మమ్మ ఓర్ఫా, తాత ఎస్టిల్ పెంచుతున్నారు. తల్లి ఏ ఊళ్ళో ఉందని అడిగేవాళ్ళు ఆ వాగులో లేరు.

టాలెట్ కౌంటీ అనే ఆ కొండల జిల్లా మొత్తానికి ఒకటే హైస్కూలు, చిన్నపిల్లల బడి కూడా ఆ ఆవరణలోనే. గట్టు మీది వాళ్ళయినా, లోయలో వాళ్ళయినా, ఎన్ని కొండలు దిగి రావాలన్నా ఆ ఎర్రిటుక భవనానికే రావాలి. సోర్‌వుడ్ వాగు కొసన మాత్రం ఆ బడి పూర్తిచేసినవాడు ఇంతవరకూ లేడు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. బస్సు వాగు మొదట్లోనే ఆగిపోయేది. కొసనున్న పిల్లలు తెల్లారకముందే లేచి, వాగు రెండుచోట్ల దాటి, తడిబట్టలతో రోడ్డెక్కాలి. ఒక చలికాలం అలా వచ్చినవాళ్ళు రెండో చలికాలం రారు. అంతకుముందు వేరే దారి బస్సు తోలిన నెల్డా, ట్రెస్సా ఒకటో తరగతిలో చేరిన ఏడు ఈ దారికి మారింది. మారిన మొదటిరోజే బస్సుని కొసదాకా తోలుకెళ్ళి, ఎస్టిల్ కొట్టం ముందు వెనక్కి తిప్పుకుని వచ్చింది. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత వెళ్ళొద్దని చెప్పే ధైర్యం కూడా ఎవరూ చెయ్యలేదు.

మే నెల ఆఖరి మంగళవారం అది. ఇవాళ పన్నెండో తరగతి వాళ్ళకి పౌరశాస్త్రం పరీక్ష. అదే చివరిది. అది రాస్తే శుక్రవారం సాయంత్రం బడి ఆటల హాలు జిమ్ములో నీలం గౌను వేసుకుని పట్టా అందుకోవడమే. పట్టా ఉంటే నర్సు చదువులో ట్రెస్సాకి సీటు ఖాయం. రాయకపోతే పట్టా లేదు, సీటూ లేదు.

గట్టు మీది పిల్లల్ని ఎక్కించుకుని నెల్డా వాగు దారి పట్టింది. పొగమంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. ఒకటో తరగతి పిల్లల దగ్గర్నించి మీసాలొచ్చిన వాళ్ళ దాకా అందరూ ఒకే బస్సు. చిన్నవాళ్ళు నిద్రకి తూలుతున్నారు. వెనక సీట్లో కోల్బీ అనే ఫుట్‌బాల్ ఆడే కుర్రాడు పౌరశాస్త్రం పుస్తకాన్ని మొహం మీద కప్పుకుని పడుకున్నాడు.

కొసన ట్రెస్సా లేదు.

ఎప్పుడూ పోస్టు డబ్బా పక్కన నిలబడి ఉండే పిల్ల. నెల్డా హారన్ కొట్టింది. కొట్టం తలుపు తెరిచి ఉంది. లోపల ట్రాక్టరు వెనక పొగాకు నారు నాటే యంత్రం తగిలించి ఉంది. ఓర్ఫా మగవాళ్ళ టోపీ పెట్టుకుని తడి గోనెలు పరుస్తోంది. ఆమె పక్కన మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, చేతుల నిండా నారు కట్టలతో, ట్రెస్సా. ఆ పిల్ల బస్సు వంక చూడలేదు.

నెల్డాకి విషయం అర్థమైపోయింది. ఆ వాగు మీద నాటే యంత్రం ఒక్కటే. నలుగురు రైతులు కలిసి కొనుక్కున్నది, వంతులవారీగా ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎస్టిల్ వంతు శనివారం. శనివారమంతా వాన, నేల ఆరేసరికి ఇవాళైంది.

పిల్లల్ని బస్సులో వదిలిపెట్టి డ్రైవరు దిగకూడదు. అది రూలు. నెల్డా బ్రేకు లాగి, తాళం చెవులు జేబులో వేసుకుని లేచి నిలబడింది.

"దిగండి అందరూ."

"ఎక్కడికి మిస్ నెల్డా?"

"నాతో. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోండి. కోల్బీ, మొహం మీద పుస్తకం తియ్యి. కింద కుక్కుంటుంది, దాని జోలికెళ్ళావంటే అది నీ జోలికొస్తుంది, నేను అడ్డం రాను."

అలా ఒక బస్సెడు పిల్లలు మంచులో బారుగా నడుచుకుంటూ ఎస్టిల్ పెరట్లోకి వచ్చి నిలబడ్డారు. కోళ్ళు కకావికలై కొట్టం వెనక్కి పరిగెత్తాయి.

ఓర్ఫా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంటే నెల్డా ఈ ఊరేగింపు? ఎవరైనా పోయారా?"

"పిల్ల కోసం వచ్చా."

"పిల్లకి ఒంట్లో బాలేదని చెప్పుకో."

"బాలేని పిల్ల బూట్లేసుకుని నారు మోస్తుందా?"

"అయితే పని ఉందని చెప్పుకో. యంత్రం ఈ ఒక్క రోజే మా దగ్గర. రేప్పొద్దున్నే పక్క పొలం వైర్సు వాళ్ళు, వంతు వాళ్ళదని, తోలుకుపోతారు. నారు తెల్లారుజామునే పీకేశాం. ఎస్టిల్ ట్రాక్టరు తోలాలి, ఒక సీట్లో నేను, ఇంకో సీట్లో ఎవరు కూర్చుంటారు? దెయ్యాన్ని పిలవమంటావా?"

"పరీక్ష ఇవాళే, ఓర్ఫా."

"పరీక్ష ఎండకి వాడిపోదు. నారు వాడిపోతుంది. ఏడాదంతా తినేది దాని మీదే."

అందులో అబద్ధమేమీ లేదు.  ట్రాక్టరు దగ్గర వంగి గొలుసు బిగిస్తున్న ఎస్టిల్ తలెత్తకుండానే అన్నాడు.

"ఒక్క రోజే కదా నెల్డా."

ఆ మాట వినగానే ఆమెకి చెవులు వేడెక్కాయి. పదహారేళ్ళప్పుడు ఇదే వాగు మీద, ఇంకాస్త కింద, వాళ్ళ నాన్న కూడా సరిగ్గా ఈ మాటే అన్నాడు. అప్పుడూ మే నెలే, అప్పుడూ పరీక్షలే. ఒక్క రోజు రెండ్రోజులైంది. తప్పిపోయిన పరీక్ష కోసం మళ్ళీ వచ్చే ఏడాది అదే తరగతిలో కూర్చోవడానికి సిగ్గేసింది. సెప్టెంబరులో బస్సు వాగు మొదట్లో హారన్ కొట్టి వెళ్ళిపోతుంటే కోళ్ళగూట్లో గుడ్లు ఏరుతూ వింది. ముప్ఫై దాటాక, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని చదివి, సాయంకాలపు బడిలో పరీక్ష కట్టి ఆ లోటు తీర్చుకుంది. తీరిందని అందరూ అన్నారు. తీరలేదని ఆవిడకి తెలుసు.

"నన్నూ ఒక్క రోజే అన్నారు, ఎస్టిల్. నీకు గుర్తుంది. మీ నాన్న చేలో, ఆయన యంత్రం మీదే కూర్చోబెట్టారు నన్ను. తోలింది నువ్వే."

ఎస్టిల్ గొలుసు వదిలేశాడు. 

"పిల్లని నాకివ్వండి" అంది నెల్డా. "దీన్ని బడి దగ్గర దించి తిన్నగా ఇక్కడికే వస్తా. ఆ రెండో సీట్లో నేను కూర్చుంటా."

ఓర్ఫా పకపకా నవ్వింది. "నువ్వా? ముసలిముండవి, నీకు యంత్రం మోజేంటే?"

"నీకంటే రెండేళ్ళు చిన్నదాన్ని. నువ్వు కూర్చోగా లేంది నేను కూర్చోలేనా? గోనెలు బాగా తడిపి నీడలో పెట్టు. నేను వచ్చేలోపల నీ నారుకేం ముంచుకురాదు."

ట్రెస్సా మొదటిసారి నోరు విప్పింది. "వద్దు మిస్ నెల్డా. మీ కాళ్ళు వాచి ఉన్నాయి. వారం నించీ చూస్తున్నా."

నర్సు కాబోయే పిల్ల కళ్ళు మరి. నెల్డా గతుక్కుమంది, కానీ బయటికి తేలనివ్వలేదు.

"బూట్లు బిగుతు. నువ్వు నా కాళ్ళు చూడ్డం మాని బస్సెక్కు."

"రావే ట్రెస్సా," అని కోల్బీ అందుకున్నాడు, "నువ్వు పక్కన లేకపోతే నాకు మన దేశం పేరు కూడా గుర్తుండదు."

పిల్లలందరూ గొల్లుమన్నారు. ట్రెస్సా అమ్మమ్మ వంక చూసింది. ఓర్ఫా టోపీ తీసి మొహం విసురుకుంటూ, ఎటో చూస్తూ, "పోవే, పో. మొత్తం ఊరంతా నా పెరట్లో నిలబడి చూస్తుంటే నేనేం చెప్పను" అంది. పిల్ల చేతిలో నారు కింద పెట్టి, రబ్బరు బూట్లతోనే పరిగెత్తింది.

హైస్కూలు ముందు హెడ్‌మాస్టరు డ్వేన్ కాడిల్ చేతిలో వాకీటాకీతో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మిగతా బస్సులన్నీ ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయాయి. జెండా కర్ర మీద జెండా ఎగురుతోంది. ఫుట్‌బాల్ మైదానం అవతల మొక్కజొన్న చేలో ఎవరో మందు కొడుతున్నారు. డ్వేన్ చిన్నప్పుడు నెల్డా బస్సులోనే బడికొచ్చాడు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు కూడా. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు గాని, ఎత్తగలదని అతనికి తెలుసు.

"నెల్డా! ఇప్పుడే ఫోనొచ్చింది, బస్సు మొత్తాన్ని ఎవరి పెరట్లోనో దించావంట?"

"పిల్లల్ని బస్సులో వదిలి దిగకూడదన్నావు. వదల్లేదు."

"నా ఉద్దేశం..."

"నీ ఉద్దేశం తర్వాత చెబుదువు గాని, ముందు తలుపు తియ్యి. పిల్లకి పరీక్ష."

డ్వేన్ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి, స్వయంగా వెళ్ళి గాజు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ట్రెస్సా బూట్లు నడవాలో టపటపమని చప్పుడు చేసుకుంటూ పోయాయి. వెనకాలే కోల్బీ పరిగెత్తాడు. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా నెల్డా వింటూ కూర్చుంది.

"నీ మొహమేంటి అలా పాలిపోయింది?" అన్నాడు డ్వేన్.

"పౌడరెక్కువైంది."

తర్వాత రోజూ చేసే పనే చేసింది. నడిమి దారిలో బస్సు చివరిదాకా నడిచింది. ప్రతి సీటు మీదా, ప్రతి సీటు కిందా చూసింది. ఎక్కడో ఒకసారి నిద్రపోయిన చిన్నపిల్లని బస్సులో పెట్టి తాళం వేసేశారట. అప్పటినించీ ప్రతి డ్రైవరూ చివరిదాకా వెళ్ళి వెనక అద్దానికి 'ఖాళీ' అన్న పసుపు అట్ట తగిలించి తీరాలి. కొంతమంది చూడకుండానే తగిలిస్తారు. నెల్డా తగిలించిందంటే లోపల చీమ కూడా లేనట్టే. ఆ సంగతి కౌంటీలో అందరికీ తెలుసు.

ఇంటిదగ్గర బస్సు ఆపి, దిండు విప్పి చంకన పెట్టుకుని తమ చిన్న ట్రక్కు వైపు నడిచింది. నాటే యంత్రం మీది ఇనప సీటు ఎలా ఉంటుందో ఆమె ఒంటికి ఇంకా గుర్తుంది.

"దిండెక్కడికి?" అన్నాడు హోబర్ట్.

"ఓర్ఫా వాళ్ళింటికి. నారు వెయ్యడానికి."

"నీకేమైనా పిచ్చిపట్టిందా?"

"పట్టింది."

పట్టాక వదలదని హోబర్ట్‌కి పెళ్ళైన ఏడే తెలిసింది. గుండె సంగతి తెలిసి ఉంటే ట్రక్కుకి అడ్డం పడుకునేవాడు. తెలియదు కనక తన గడ్డిటోపీ తీసి ఆమె తలమీద పెట్టాడు. అది ఆమెకి చెవులదాకా దిగింది.

యంత్రం వెనక, నేలకి జానెడెత్తున, పక్కపక్కనే రెండు సీట్లు. కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చోవాలి. ఒళ్ళో నారు కట్ట. ముందు నాగలి ముక్క చాలు తీసుకుంటూ పోతుంది. టక్కుమని శబ్దం వచ్చి పీపాలోంచి గుక్కెడు నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళలో మొక్క నిలబెట్టాలి. ఒక టక్కుకి ఓర్ఫా, ఇంకో టక్కుకి నెల్డా. వెనక వచ్చే రెండు చక్రాలు మట్టి నొక్కుతాయి. తల తిప్పకూడదు, ఆలస్యం చెయ్యకూడదు. మొక్క తప్పితే ఆ చోటు ఏడాదంతా బోసిగా నవ్వుతుంది.

నెల్డా దిండుని ఎడమ సీటుకి వేసి కట్టింది. రెండు ముడులు.

మొదటి వరసలో మూడు చోట్ల తప్పింది. ఓర్ఫా తిట్టింది. రెండో వరసకి చేతులకి పాత సంగతి గుర్తొచ్చింది. ఎండ పెరిగింది. పొగాకు జిగురు వేళ్ళకి నల్లగా పట్టింది.

"ట్రెస్సా తల్లి కూడా ఈ సీట్లోనే కూర్చునేది," అంది ఓర్ఫా ఉన్నట్టుండి, చాలు మీంచి కళ్ళు తిప్పకుండా. "బంగారంలా వేసేది. ఒక్క మొక్క వంకర పోయేది కాదు. ఒకరోజు కూర్చోలేదు. పోయింది."

నెల్డా మొక్క పెట్టింది.

"ఇది కూడా పోతుందే. ఆ కాగితం చేతికొచ్చిన మర్నాడు పోతుంది."

"చదువుకోడానికి పోయేవాళ్ళు చెప్పి పోతారు, ఓర్ఫా. సెలవులకి వస్తారు. చెప్పకుండా పోయేవాళ్ళే రారు."

 ఓర్ఫా ఒకసారి గట్టిగా ముక్కు ఎగబీల్చింది. ఆ వరసలో ఆమె మొక్క ఒకటి తప్పింది. ఎవరూ తిట్టలేదు.

మధ్యాహ్నానికి నెల్డా రొమ్ము చుట్టూ ఎవరో పటకా వేసి ఒక్కో రంధ్రం బిగిస్తున్నట్టుగా ఉంది. కూర్చుని చేసే పనే కదా, బరువెత్తడం లేదుగా అని డాక్టరమ్మకి మనసులోనే సర్దిచెప్పుకుంది. అక్రోటు చెట్టు కింద ఓర్ఫా ఉడికించిన చిక్కుడు గింజలూ, మొక్కజొన్న రొట్టే పెడితే రెండు ముద్దలు కెలికి వదిలేసింది. నీళ్ళు మాత్రం చెంబెడు తాగింది.

ఎస్టిల్ ఆమెకేసి చూసి అన్నాడు. "చాలు నెల్డా. మిగతావి మేం చేత్తో వేసుకుంటాం."

"నీ మోకాళ్ళతోనా? లే. ట్రాక్టరెక్కు."

"నాడు నేనైనా మా నాన్నతో ఒక మాట అనాల్సింది," అన్నాడు ఎస్టిల్, చేతిలో రొట్టె ముక్కకి చెబుతున్నట్టు. "పిల్లని బడికి పోనీ నాన్నా అని. అనలేదు."

నెల్డాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టోపీ కిందకి లాక్కుంది.

"ఇప్పుడన్నావుగా. పద."

ఆఖరి వరస పూర్తయ్యేసరికి బడి విడిచే వేళ దగ్గరపడింది. చేను మొత్తం నీళ్ళు తాగి, వాలిన చిన్న ఆకులతో వరసలు వరసలుగా ఉంది. ఎస్టిల్ చెయ్యి అందిస్తే పట్టుకుని లేచింది. కాసేపు ట్రాక్టరు చక్రానికి ఆనుకుని నిలబడి, ఆలస్యమైపోతోందని ట్రక్కెక్కి వెళ్ళిపోయింది. దిండు సంగతి గుర్తు లేదు.

బస్సులో కూర్చున్నాక రోడ్డు కనపడకపోయేసరికి గుర్తొచ్చింది. తనని తనే తిట్టుకుని, చలికోటు మడతపెట్టి కిందేసుకుంది. అది దిండంత ఎత్తు రాలేదు. మెడ నిక్కించుకుని తోలింది.

బడి ముందు పిల్లలు ఎక్కుతుంటే డ్వేన్ కిటికీ దగ్గరికి వచ్చాడు. వంగి, పెద్ద రహస్యం చెబుతున్నట్టు, "మేడమ్ అక్కడికక్కడే దిద్దింది. పాసైంది. మంచి మార్కులు" అన్నాడు.

నెల్డా స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, వాటి మీద నుదురు ఆన్చింది.  డ్వేన్ కిటికీ అంచు తట్టాడు.

"కోల్బీ?" అంది తలెత్తకుండానే.

"వాడు కూడా. ఎలాగో నాకూ తెలియదు."

"డ్వేన్, శుక్రవారం అయిపోగానే తాళాలు నీకిచ్చేస్తా."

"ప్రతి ఏడూ అంటావు."

"ఈ ఏడు ఇస్తా. కానీ ఒక మాట. వచ్చేవాడెవడైనా సరే వాగు కొసదాకా వెళ్ళాలి. మొదట్లో హారన్ కొట్టి తిరిగొచ్చేవాణ్ణి పెట్టావంటే, నువ్వు వాంతి చేసుకున్న సంగతి మీ టీచర్లందరికీ చెబుతా."

"వెళ్తాడు," అన్నాడు డ్వేన్. నవ్వలేదు. "మాటిస్తున్నా."

గట్టు మీది పిల్లలు దిగారు. వాగు పిల్లలు ఒక్కొక్కరే దిగారు. చివరికి ట్రెస్సా ఒక్కతే మిగిలింది. డ్రైవరు వెనక సీట్లోకి వచ్చి కూర్చుని, పరీక్షలో ఏమేం వచ్చాయో గలగలా చెబుతూనే ఉంది. నెల్డా ఊఁ కొడుతోంది. మాట్లాడితే ఊపిరి సరిపోదని ఊఁ కొడుతోంది. కొసన బస్సు ఆగాక ట్రెస్సా మెట్టు మీద నిలబడి చేనంతా చూసింది. నిన్న సాయంత్రం దున్ని వదిలేసిన నేలలో ఇప్పుడు కొట్టం దగ్గర్నించి కంచె దాకా మొక్కలు.

"శుక్రవారం మీరు ముందు వరసలో కూర్చోవాలి మిస్ నెల్డా."

"నాకు ముందు వరసైతేనే కనపడుతుంది. దిగు. మీ అమ్మమ్మకి నడుం పట్టేసి ఉంటుంది, వెళ్ళి వేణ్ణీళ్ళు కాచు."

పిల్ల దిగబోతూ వెనక్కి తిరిగి, ఎన్నడూ లేనిది, ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. పొగాకు జిగురు అంటుకున్న చేతులతో తాకడం ఇష్టంలేక నెల్డా మోచేత్తోనే ఆ పిల్ల వీపు తట్టింది.

ఇంటి దగ్గర బస్సుని ఎప్పుడూ ఆపే చోటే, అక్రోటు చెట్ల కంచె పక్కన, మూతి రోడ్డు వైపు పెట్టి ఆపింది. బ్రేకు లాగింది. ఇంజను ఆపింది. సీటు పట్టుకుని, సీటు తర్వాత సీటు పట్టుకుంటూ, నడిమి దారిలో వెనక్కి నడిచింది. వంగి సీట్ల కింద చూసింది. ఎవరిదో చేతిరుమాలు దొరికితే సీటు మీద పెట్టింది. అట్ట తీసి వెనక అద్దానికి తగిలించింది. తగిలించాక మళ్ళీ అంత దూరం ముందుకి నడవాలంటే చాలా దూరంగా కనిపించింది. కాస్త ఊపిరి తీసుకుందామని ఆఖరి సీట్లో కూర్చుంది. కిటికీలోంచి వాగు నీళ్ళ మీద ఎండ కనిపిస్తోంది. ఎంత తేలిగ్గా ఉందో ఒళ్ళు. తల అద్దానికి ఆన్చింది.

హోబర్ట్ వసారాలోంచి బస్సు రావడం చూశాడు. వెనక అద్దంలో పసుపు అట్ట చూశాడు. సరే, దిగింది, చిక్కుడు పాదుల దగ్గరికి వెళ్ళి ఉంటుంది అనుకుని బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టాడు. దుంపలు ఉడికాయి. పేరు పెట్టి పిలిచాడు. పాదుల దగ్గర లేదు. కోళ్ళ దగ్గర లేదు. ఓర్ఫాకి ఫోన్ చేస్తే ఇక్కణ్ణించి వెళ్ళి చాలాసేపైంది అంది. ట్రక్కు పెరట్లోనే ఉంది. బస్సు వంక మళ్ళీ చూశాడు. 'ఖాళీ' అని ఉంది. నెల్డా తగిలించిన అట్ట అది. అందులో వెతకాలని ఆయనకి తోచనే లేదు. రోడ్డు దాటి పక్కింటిదాకా, ఆగుతూ ఆగుతూ, వెళ్ళొచ్చాడు.

పొద్దు కొండ వెనక్కి దిగింది. మంచు పడుతుందేమో, దిండు తడుస్తుంది, ఎప్పుడూ సాయంత్రం లోపలికి తెచ్చేస్తుంది, ఇవాళ కుర్చీలో లేదేంటి అనుకుంటూ దాన్ని తెద్దామని బస్సెక్కాడు. డ్రైవరు సీట్లో దిండు లేదు. మడతపెట్టిన కోటుంది. ఎందుకుందా అని తల తిప్పితే, నడిమి దారి చివర, పసుపు అట్ట కింద, తన గడ్డిటోపీ కనపడింది.

గురువారం పాతిపెట్టారు. శుక్రవారం పట్టాల ఉత్సవం ఆపాలని కొందరన్నారు గాని డ్వేన్ ఒప్పుకోలేదు. ఆపితే లేచొచ్చి నన్ను తంతుంది అన్నాడు. జిమ్ములో ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. పక్క కుర్చీల్లో హోబర్ట్, చావుకని ఊరినించి వచ్చిన కొడుకు, వాళ్ళకి అటుపక్క ఓర్ఫా, ఎస్టిల్. వాగు కొస నించి మొదటి పట్టా అందుకోవడానికి ట్రెస్సా నీలం గౌను కింద రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. బూట్ల చప్పుడికి ఎవరూ నవ్వలేదు. పేరు పిలిచినప్పుడు ఓర్ఫా లేచి నిలబడి, పక్కవాళ్ళు చొక్కా లాగుతున్నా కూర్చోకుండా, పెద్దగా ఏడుస్తూ చప్పట్లు కొట్టింది.

చావు మూలాన ఆ వారం వాగు మీద ఎవరూ పొలం పని ముట్టుకోలేదు. వైర్సు వాళ్ళు శనివారం వచ్చి యంత్రం తగిలించుకుపోయారు. వాళ్ళ చేలో నాటడం అయ్యాక దాన్ని ఇంకా కిందకి, వాగు మొదట్లో ఉన్న చివరి పొలానికి తోలారు. సీట్లో కూర్చునే మనుషులు ఇంటింటికీ మారారు. సాయంత్రం యంత్రం కడిగేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఎడమ సీటు ముందు చెయ్యి ఆపి, దాని చుట్టూ కడిగి వదిలేసేవాళ్ళు. జూన్ నెల సగంలో యంత్రాన్ని కొట్టంలోకి నెట్టినప్పుడు కూడా అది అక్కడే ఉంది. మట్టి నీళ్ళకి రంగు మారి, జిగురు మరకలు పడి, మధ్యలో చిన్న గుంటతో, రెండు ముడులు వేసిన నీలం పూల దిండు.